దసరా తర్వాత పడిన సొట్టలు

ముప్పై ఏళ్లు నేను ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పాను. అచ్చంపేట అవతల అడవి అంచున ఉన్న బడిలో మొదలుపెట్టి మహబూబ్‌నగర్‌లో రిటైరయ్యాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథ కొంచెం ముందుకు పోయాక నా చదువు మీద మీకు అనుమానం వస్తుంది. వచ్చినా తప్పులేదు, మా ఆవిడకు పెళ్లయిన ఏడాదే వచ్చింది.

రిటైరయ్యాక డాక్టరు రోజూ నడవమన్నాడు. నడుస్తూ నడుస్తూ ఊరి బయట రెండు గుట్టల నడుమ ఉన్న రైఫిల్ క్లబ్బు దాకా పోయాను. అక్కడ కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి చాయ్, వాదించడానికి మనుషులు దొరికారు. దాంతో నడక అక్కడే ఆగిపోయింది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ క్లబ్బులో సభ్యుడిగా చేరాను. నా గురి గురించి ఎవరూ అడగకపోతే నేనూ చెప్పను.

క్లబ్బులో నన్ను కట్టిపడేసింది తుపాకులు కాదు, రేకుల షెడ్డులో ఒక మూలనున్న బల్ల. క్లబ్బుకు తూటాలు తిరిగి నింపుకునే అనుమతి ఉండేది. కాల్చిన తూటా ఖాళీ ఇత్తడి గొట్టాన్ని మేము కేసు అంటాం. పేలినప్పుడు కేసు ఒళ్లు ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్లీ తుపాకిలో పెట్టాలంటే దూరదు. అందుకని దానికి ఇంత నూనె రాసి, బల్లకు బిగించిన ప్రెస్సులో పెట్టి, హ్యాండిలు కిందికి లాగితే, అది డై అనే ఉక్కు అచ్చులోకి పోయి పాత కొలతకు వచ్చి బయటపడుతుంది. మా ఆవిడకు ఇదంతా వివరించి చెబితే, "అంటే మురుకుల గొట్టమే గద," అని తేల్చేసింది. కాదని అరగంట చెప్పాను. ఆ అరగంటలో ఆమె మురుకులు వండేసింది.

ఆ బల్ల మా హవల్దార్ సాబ్‌ది. ఆయన నారాయణపేట నేతగాళ్ల ఇంట్లో పుట్టి, సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి వచ్చాడు. పొద్దున్నే ఊరి నుంచి బస్సెక్కి వచ్చేవాడు, సాయంత్రం బస్సుకు పోయేవాడు. జీతం లేదు, అడగనూ లేదు. చీరల అంచుల ముక్కలు ఒక సంచిలో తెచ్చుకుని ఒక్కో కేసును పసిపిల్లకు ముఖం తుడిచినట్టు తుడిచేవాడు. బల్ల సొరుగు తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. డెబ్బై దాటిన ఆ మనిషికి పొద్దున లేవడానికి ఆ తాళంచెవే కారణమని క్లబ్బులో అందరికీ తెలుసు.

మా ఇద్దరికీ పడదని కాదు. ఆయన చేతులతో చేసేదాన్ని నేను నోటితో వివరిస్తూ ఉంటాను, అంతే తేడా. ఆయన వేలి కొసకు అంటీ అంటనట్టు నూనె తీసుకుని కేసుకు రాస్తుంటే, పక్కన నిలబడి ఘర్షణ గుణకం గురించి చెప్పేవాణ్ణి. ఆయన అంతా విని, "అట్లనా సార్," అని ఇంకో కేసు అందుకునేవాడు. ఆ "అట్లనా" నాకు నచ్చేది కాదు. ఒక్కసారైనా ఆ హ్యాండిలు నా చేతికి వస్తే చూపిస్తాను అనుకునేవాణ్ణి.

ఒక ఏడాది దసరా నాడు క్లబ్బులో ఆయుధ పూజ పెట్టారు. తుపాకుల దగ్గర హవల్దార్ సాబ్ కాపలా నిలబడి, కట్టె పిడి మీద తప్ప ఎక్కడా బొట్టు పెట్టనీయలేదు. "గొట్టంల గింత పసుపు వడ్డా నేనూకోను," అని గట్టిగానే చెప్పాడు. తుపాకుల పూజ అయ్యాక ఆయన అందరికీ జమ్మి ఆకు పంచుతూ అలయ్ బలయ్ అని కౌగిలించుకుంటూ బయటికి పోయాడు. బల్ల పూజ నేను చూసుకుంటానన్నాను.

చూసుకున్నాను కూడా. నాది ఏ పనైనా పద్ధతిగా చేసే స్వభావం. ప్రెస్సుకు, త్రాసుకు, పెట్టెలకు వరసగా పసుపు కుంకుమలు పెట్టాను. డైని విప్పి తమలపాకు మీద నిలబెట్టాను. నున్నటి గుండ్రటి ఉక్కు, బొట్టు పెడితే జారిపోతోంది. తిప్పి చూస్తే ఒక పక్కన చిన్న రంధ్రం కనిపించింది. ఎంత ముందుచూపు, బొట్టు నిలవడానికి జాగా కూడా పెట్టి చేశారు అనుకున్నాను. అందులో గంధం పెట్టి, అగ్గిపుల్లతో లోపలికి అదిమి, పైన కుంకుమ అద్దాను. అమ్మవారి నుదురులా కళకళలాడింది. సాయంత్రం హవల్దార్ సాబ్ వచ్చి అన్నిటినీ తుడిచి, నూనె పట్టించి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

పండగ అయిన వారానికి కష్టం మొదలైంది. డైలోంచి వచ్చిన మొదటి కేసుకు భుజం మీద సొట్ట. కేసుకు ఒళ్లు, మెడ ఉంటాయి, రెండూ కలిసే ఏటవాలు భాగాన్ని భుజం అంటాం. రెండో దానికీ అక్కడే సొట్ట. మూడోది తీసి హవల్దార్ సాబ్ కిటికీ దగ్గర వెలుతురులో చాలాసేపు చూశాడు.

"గిది నూనె ఎక్కువైతే వడే సొట్ట సార్," అన్నాడు. "కని నేనెక్కువ రాయలే."

"రాయకపోతే ఎట్ల పడుతుంది? రాసే ఉంటారు."

"రాసిన్నా?" అని తన వేలి వంక తానే చూసుకున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు మాత్రం భలే పట్టుకున్నాను అనుకున్నాను.

మరునాడే ఒక నోటుబుక్కు కొన్నాను. గళ్లు గీసి కేసు, నూనె, సొట్ట లోతు, గాలిలో తేమ అని రాశాను. గాలిలో తేమ తెలుసుకునే సాధనం మాకు లేదు గనుక ఆ గళ్లో "మామూలు" అని నింపుతూ పోయాను. నూనె తగ్గించాం. సొట్ట చిన్నదైంది కానీ పోలేదు. ఇంకా తగ్గించాం. ఇత్తడి పాతబడిందేమో అన్నాను, కొత్త కేసులు పెట్టాం, వాటికీ సొట్టలు పడ్డాయి. నూనె మార్చమన్నాను, మార్చాడు. కేసులను చింతపండుతో తోమితే ఎలా ఉంటుందన్నాను. ఆ ఒక్కదానికి మాత్రం ఆయన నా వైపు చూసిన చూపుకు నేనే వెనక్కి తగ్గాను.

అన్ని గళ్లూ నిండాక నాకు ఒకటే కారణం మిగిలింది. అది ఆయన కళ్లు. ఎంత రాస్తున్నాడో ఆయనకే కనిపించడం లేదని తీర్మానించాను. శాస్త్రీయంగా రుజువు చేయాలి గనుక షెడ్డు గోడ మీదున్న నియమాల బోర్డు చదవమన్నాను. ఆయన గడగడా చదివేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ బోర్డు రాయించింది ఆయనే. ఈ పరీక్ష చెల్లదన్నాను. దూరంగా గుట్ట మీద ఎన్ని మేకలున్నాయో చెప్పమన్నాను. ఏడు అన్నాడు. నాకు అయిదే కనిపించాయి. చూశారా, కళ్లు పోయాయి అన్నాను. ఎవరి కళ్లు అన్న ప్రశ్న నాకు ఆ రోజు తట్టలేదు.

ఈలోగా రాష్ట్ర పోటీలు దగ్గరపడ్డాయి. క్లబ్బు కార్యదర్శి ఒక రైసు మిల్లు యజమాని, మంచివాడే, కానీ తొందర మనిషి. పోటీకి పోయే జట్టుకు తూటాలు కావాలి, మా దగ్గరేమో సొట్టల కేసుల గంప నిండుతోంది. ఆయన వచ్చి గంప చూసి, "వచ్చే ఐతారం దాక మంచి కేసులు రాకుంటే బల్ల వేరేటోళ్లకిస్త, ఏమనుకోకుర్రి సాబ్," అన్నాడు.

హవల్దార్ సాబ్ ఆ రోజు నూనెను ఇంకా ఇంకా తగ్గించాడు. దాదాపు ఉత్త కేసునే డైలోకి పంపాడు. హ్యాండిలు సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. పైకి ఎత్తితే రాదు, కిందికి లాగితే దిగదు. ఇద్దరం కలిసి వేలాడితే టక్కుమని శబ్దం వచ్చి హ్యాండిలు లేచింది. కేసు అడుగు అంచు మాత్రం చిరిగి కింద రాలింది, మిగతాది డైలోనే ఉండిపోయింది.

"నా సర్వీసుల గిట్ల ఎన్నడు కాలే," అన్నాడు హవల్దార్ సాబ్. కింద రాలిన ఇత్తడి ముక్కను ఏరి జేబులో వేసుకున్నాడు.

విషయం తెలిసి వచ్చిన కార్యదర్శి నన్ను పక్కకు పిలిచి అసలు సంగతేమిటని అడిగాడు. నేను నోటుబుక్కు తెరిచి చూపించి, వయసు రీత్యా చూపు తగ్గింది, నూనె అంచనా తప్పుతోంది అని చెప్పాను. పక్కకు పిలిచాడన్న మాటే గానీ షెడ్డు ఎంతని, అన్నీ వినిపిస్తాయి. అంత చక్కగా, అంత నమ్మకంగా నేను తరగతిలో కూడా ఎప్పుడూ చెప్పి ఉండను.

కార్యదర్శి ఇక ఆదివారం దాకా ఆగకుండా హవల్దార్ సాబ్‌ను తాళంచెవి ఇవ్వమన్నాడు. ఆయన చొక్కా ఎత్తి మొలతాడు ముడి విప్పబోయాడు. ఆ ముడి వేసి ఎన్నేళ్లయిందో, రాలేదు. గోటితో పట్టాడు, పంటికి అందదు. చివరకు అంచుల ముక్కలు కత్తిరించే చిన్న కత్తెర తీసుకుని దారాన్ని కోసి, తాళంచెవిని నా అరచేతిలో పెట్టాడు. "మీరు సదువుకున్నోళ్లు సార్, మీ చేతిల మంచిగుంటది," అన్నాడు. అందులో ఎకసెక్కెం లేదు. నిజంగానే అన్నాడు. నాకు లోపల ఒక మూల సంతోషంగా కూడా ఉంది, దాచిపెట్టి లాభం లేదు.

మరునాడు డైని పట్టుకుని ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే లేతు దుకాణానికి పోయాను. లేతు మేస్త్రీ డైని అటూ ఇటూ తిప్పి, ఇరుక్కున్న కేసు అడుగున రంధ్రం చేసి, దానికి మరలు కోసి, బోల్టు బిగించి నట్టు తిప్పుతూ పోతే కేసు మెల్లగా బయటికి వచ్చింది. పావుగంట పని. నేను డబ్బులు తీయబోతుంటే అతను డైని లైటుకు ఎత్తి పట్టుకుని ఆగాడు.

"సార్, గీ బొక్క బంద్ అయింది."

"ఏ బొక్క?"

"గిదే. లోపల గాలి, నూనె ఉంటయ్ గద, గొట్టం లోపలికి వోతాంటే అవి బయటికి రావాలె. అవి పోతందుకే గీ బొక్క. బంద్ వెడితే ఏమైతది, లోపలున్న నూనె గొట్టాన్నే నొక్కుతది." క్యాలెండరుకు గుచ్చిన గుండుసూది పీకి రంధ్రంలో పొడిచాడు. నల్లటి పెచ్చు ఊడింది, దాని కింద ఎర్రటి పొడి రాలింది, ఆ వెనక పచ్చగా గట్టిపడిన గుజ్జు పడింది. అతను దాన్ని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. "గంధం సార్! డైకి గంధం ఎవలు వెట్టిన్రు?"

"ఎవరో," అన్నాను.

బడిలో ద్రవపీడనం పాఠాన్ని నేను సిరంజితో చెప్పేవాణ్ణి. సిరంజిలో నీళ్లు నింపి, మొనను వేలితో మూసి, నొక్కండి రా అని పిల్లలకు ఇచ్చేవాణ్ణి. ఎంత నొక్కినా లోపలికి పోదు. ద్రవాన్ని కుదించలేం, దారి మూస్తే అది అన్ని వైపులా తిరగబడుతుందని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్లు, ఏటా రెండు సెక్షన్లకు చెప్పాను. ఇంటికి పోతూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. పిల్లలను తిట్టిన తిట్లే, ఒక్కటి కూడా వదల్లేదు.

మా ఆవిడకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. ఆమె చాట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వాక కళ్లు తుడుచుకుని, "మరి గా పెద్దమనిషి తాళంచెవి మీ జేబుల ఎందుకున్నది?" అంది.

"ఆదివారం కేసులు మంచివి వస్తే, నెమ్మదిగా చెప్పి ఆయనకే ఇప్పిస్తా. ఇప్పుడే అందరిలో చెబితే నా పరువేం కావాలె?"

"ఆయనది అందర్ల తీసినప్పుడు పరువు యాదికి రాలేదా?"

ఆ పూట చాయ్ అడిగే ధైర్యం లేకపోయింది.

ఆదివారం అందరూ వచ్చారు. హవల్దార్ సాబ్ కూడా వచ్చి షెడ్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. ముఖం కొత్తగా కనిపించింది గానీ, నేను తల ఎత్తి చూసే స్థితిలో లేను. డై బిగించాను, నూనె రాశాను, ఆయన రాసినంతే. హ్యాండిలు లాగాను. వెన్నలా పోయింది, వచ్చింది. భుజం నున్నగా ఉంది. పది తీశాను, పదీ బంగారంలా ఉన్నాయి. కార్యదర్శి ఒక్కోటి చేతిలోకి తీసుకుని, "సదువుకున్నోళ్ల చెయ్యే వేరు," అన్నాడు. తక్కినవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత చెబుదాంలే, ఒక గంట పోనీ అనుకున్నాను.

అప్పుడు హవల్దార్ సాబ్ లేచి లోపలికి వచ్చాడు. ఆయన ముక్కు మీద దగ్గరికీ దూరానికీ కలిపి చేసిన నల్ల ఫ్రేము కళ్లజోడు. ఒక కేసు తీసుకుని, అద్దాలు సర్దుకుని, కిటికీ దగ్గరికి పోయి చూశాడు.

"మంచిగొచ్చినయ్ సార్. మీరన్నదే నిజం, నా కండ్లదే తప్పు. మీరు చెప్పినంక దవాఖానకు వోయిన. డాక్టర్ జూసి, నీ కండ్లు మంచిగున్నయ్, పో అన్నడు. నేనే ఇనలే. మా సారు ఫిజిక్స్ సారు, ఆయన జూసిండు, ఇయ్యాల్సిందే అని జబర్దస్తిగ రాయించుకున్న. గివి వెట్టుకుంటే జర తల తిర్గుతాంది. అలవాటైతయ్ లే."

ఎన్నో ఏళ్లు తుపాకి కొలతలు చూసిన కళ్ల కంటే, డాక్టరు మాట కంటే, నా నోటుబుక్కునే ఎక్కువ నమ్మాడు ఆ మనిషి. గుట్ట మీద మేకలు ఏడే ఉండి ఉంటాయని అప్పుడు అర్థమైంది.

"హవల్దార్ సాబ్," అన్నాను. అలవాటు చొప్పున ద్రవాల స్వభావం దగ్గర మొదలుపెట్టాను. సిరంజి దాకా వచ్చేసరికి కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. దాంతో పాఠం మధ్యలో ఆపేసి, "దసరా నాడు డై బొక్కలో గంధం పెట్టింది నేను. అగ్గిపుల్లతో అదిమింది నేను. ఆయన నూనె ఏనాడూ ఎక్కువ రాయలేదు. ఆయన కళ్లకు ఏమీ కాలేదు," అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

కార్యదర్శి నా వైపు తిరిగి, "మీరు ఫిజిక్సే చెప్పిన్రా సార్? తెలుగు సారు కాదు గద?" అన్నాడు. అప్పుడు లేచిన నవ్వు గుట్టకు తగిలి మళ్లీ వచ్చింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుపొచ్చేది.

హవల్దార్ సాబ్ నవ్వలేదు. డైని ప్రెస్సు నుంచి విప్పి, రంధ్రానికి కన్ను ఆనించి, ఆ తర్వాత అద్దాలు తీసి మళ్లీ చూశాడు. "గీ బొక్క నేను జూడాల్సుండె. పండుగైనంక తుడిసింది నేనే గద," అన్నాడు. తప్పులో తన వాటా తాను తీసుకున్నాడు. నాకు అది ఇంకా కష్టంగా ఉంది. నేను తాళంచెవి తీసి ఇస్తూ, మొలతాడుకు కడతానని వంగాను.

"మీరు కట్టకుర్రి సార్," అని వెనక్కి జరిగాడు. "మీరు అదిమి కడితే మళ్ల ఊడదు." అప్పుడు నవ్వాడు.

జట్టు పోటీలకు పోయింది. పతకం రాలేదు, అది తూటాల తప్పు కాదని హవల్దార్ సాబ్, తూటాలదేనని కాల్చినవాళ్లు చాలా రోజులు వాదించుకున్నారు. నేను మాత్రం ఆ వాదనలో నోరు విప్పలేదు. నన్ను ఎరిగినవాళ్లు ఆశ్చర్యపోయారు.

మరుసటి దసరాకు నేను బల్ల దరిదాపులకు పోలేదు. తుపాకుల దగ్గర కొబ్బరికాయ కొట్టగానే జమ్మి ఆకు పట్టుకుని బయటికి జారుకోబోయాను. హవల్దార్ సాబ్ పేరు పెట్టి పిలిచినంత గట్టిగా "సార్!" అని పిలిచాడు. బల్ల మీద తమలపాకు వేసి ఉంది, దాని మీద డై నిలబెట్టి ఉంది, పక్కన గంధం గిన్నె, కుంకుమ భరిణె ఉన్నాయి.

"బొట్టు వెట్టుర్రి," అన్నాడు.

"నేనా? వద్దు సాబ్. నా చెయ్యి మంచిది కాదు."

"చెయ్యి మంచిదే." ఆయన చొక్కా జేబులోంచి నల్ల ఫ్రేము కళ్లజోడు తీసి, చీర అంచు ముక్కతో రెండు అద్దాలూ తుడిచి, నా ముక్కు మీద తానే పెట్టాడు. అద్దాలు పెట్టుకోగానే నాకు ముందు కనిపించింది ఆ రంధ్రం. అంత పెద్దగా ఉందని నాకు తెలియదు. అప్పుడు తల తిప్పి బయటికి చూశాను, గుట్ట మీద మేకలు ఒక్కొక్కటి విడివిడిగా మేస్తున్నాయి.